కడిగిన నీళ్లు

పాలకేంద్రంలో అందరూ ఆమెను ఎదురుగా మేడం అంటారు, వెనక ఆవిరమ్మ అంటారు. మనిషి దొరికితే చాలు, కూర్చోబెట్టి ఆవిరి గురించి చెబుతుంది కాబట్టి ఆ పేరు స్థిరపడిపోయింది. ఆ సంగతి ఆమెకూ తెలుసు. కోపం లేదు సరికదా, లోలోపల కాస్త మురిపెం కూడా.

నిజం చెప్పాలంటే ఆమె చూసుకునే యంత్రం చెప్పుకోదగ్గదే. పాలలోని క్రిములు చావాలంటే బాగా వేడి చెయ్యాలి, ఎక్కువసేపు వేడి చేస్తే మాడు వాసన వస్తుంది. అందుకని ఇక్కడ ఆవిరినే తిన్నగా పాలలోకి వదులుతారు. గొట్టంలో ఒత్తిడి గట్టిగా ఉంటుంది కాబట్టి, మరగాల్సిన వేడి దాటిపోయినా పాలు మరగవు, కిక్కురుమనకుండా ఉంటాయి. అక్కణ్ణుంచి అవి ఒక పెద్ద స్టీలు ట్యాంకులోకి వెళతాయి. ఆ ట్యాంకులోని గాలిని పంపు ఎప్పటికప్పుడు లాగేస్తూ ఉంటుంది. ఒత్తిడి ఒక్కసారిగా పడిపోయేసరికి పాలు భళ్లున పొంగుతాయి. కొంత నీరు అక్కడికక్కడే ఆవిరైపోయి, పోతూ పోతూ వేడిని కూడా వెంట తీసుకుపోతుంది. కింద మంట ఉండదు, అయినా పాలు మరుగుతాయి, మరుగుతూనే చల్లబడతాయి. అది చూడటానికి ట్యాంకు పక్కన గుండ్రటి అద్దం ఒకటి బిగించి ఉంటుంది.

"మరి లోపలికి వదిలిన ఆవిరి నీళ్లయి పాలల్లో కలిసిపోతుంది కదా, పాలు పల్చబడవా?" అని చూడవచ్చినవాళ్లు అడగాలి. అడగకపోతే ఆవిరమ్మే అడిగించుకుంటుంది. అప్పుడు ఆ అద్దం మీద వేలితో తట్టి, "పల్చబడవు. ఎన్ని నీళ్లు కలిశాయో సరిగ్గా అన్నీ ఇక్కడ ఆవిరై పోతాయి. అది చూసుకోవడానికే నేనున్నది," అంటుంది. ఆ చివరి మాట దగ్గర ఆమె మొహం చూడాలి!

ఆ వారం కాలేజీ పిల్లలు వస్తున్నారని కబురు వచ్చింది. అద్దం లోపలివైపు పాల తెట్టు కట్టి మసకబారి ఉంది. పిల్లలకి పాలు మరగడం స్పష్టంగా కనపడాలని ఆమె స్వయంగా అద్దం ఊడదీసి తళతళలాడేలా తోమింది. తిరిగి బిగించేటప్పటికి బయట బస్సు వచ్చి ఆగింది. హడావిడిగా బోల్టులు తిప్పేసింది. పిల్లలు ఆ అద్దంలోంచి చూసి అబ్బురపడ్డారు, ఫొటోలు తీసుకున్నారు. పిల్లల వెంట వచ్చిన లెక్చరరు, "మా కాలేజీకి వచ్చి పాఠం చెప్పకూడదూ మీరు?" అన్నాడు. ఆ రోజంతా ఆమె కాళ్లు నేల మీద లేవు.

పాలు బయటికి వచ్చే గొట్టం మీద వేడి చూపించే ముల్లు ఆ రోజు మామూలు కంటే కొంచెం పైన ఉంది. ఎండలు ముదిరాయి కదా అనుకుంది. చూసింది, చూసి అట్లా అనుకుంది. చూడకపోయి ఉంటే కనీసం చూడలేదని చెప్పుకోవడానికైనా ఉండేది.

మర్నాడు మధ్యాహ్నం ప్యాకింగుకి వెళ్లాల్సిన పాలల్లో లాక్టోమీటరు వేస్తే, తేలాల్సిన చోట తేలకుండా ఇంకా కిందికి దిగిపోయింది. పాలల్లో నీళ్లున్నాయి. మేనేజరు పాలు బయటికి పోకుండా ఆపించి, పొద్దున ఎవరెవరి పాలు పరీక్ష చేశారని అడిగాడు. అందరివీ చేశారు, ఒక్కరివి తప్ప.

ఆ ఒక్కరూ ఆవిరమ్మకి బావ, సొంత అక్క భర్త. పెద్ద పాడి ఉన్న మనిషి. ఆయన పాలల్లో వేలు ముంచితే మీగడలా అంటుకొస్తాయని పేరు. పాలకేంద్రం పెట్టిన కొత్తలో పాలు పోయడానికి ఎవరూ ముందుకు రానప్పుడు, మొదటి క్యాను ఆయనే దించాడు. అప్పటినుంచీ ఆయన పాలకి పరీక్ష పెట్టడం ఆయన్ని అవమానించడమేనని పాతవాళ్లంతా ఒక ఆచారంలా పాటిస్తున్నారు. ఆవిరమ్మ ఉద్యోగంలో చేరకముందు నుంచీ ఉన్నదే అది. అయినా ఆమె చేరాక, "మరదలు లోపలుంటే పరీక్షెందుకు?" అని పాలు దించే అరుగు దగ్గర అప్పుడప్పుడు ఎవరో ఒకరు చురక వేస్తూనే ఉన్నారు. పైకి నవ్వేసేది కానీ ఆ మాట ఆమె లోపల ముల్లులా ఉండిపోయింది.

"ఆయన పెద్దమనిషి. ఏ పనివాడో చేసి ఉంటాడు. మెల్లగా చెవిన వెయ్యండి," అన్నాడు మేనేజరు.

ఆమె మెల్లగా వెయ్యలేదు.

సాయంత్రం పాలు దించే వేళకి అరుగు ముందు పాలవాళ్లంతా వరసలో ఉన్నారు. బావ వ్యాను వెనక తలుపు తీసి క్యాను మీద చెయ్యి వేశాడు.

"బావా, ఆ క్యాన్లు దించొద్దు," అంది ఆవిరమ్మ అరుగు మీద నిలబడి.

"ఏమ్మా, లోపల జాగా లేదా?"

"జాగా గురించి కాదు. పొద్దున మీ పాలల్లో నీళ్లున్నాయి."

బావా మరదళ్ల వేళాకోళం అనుకున్నాడాయన. "ఉంటాయి మరి! నా పశువులు నీళ్లు తాగుతాయి. మానమని చెప్పమంటావా?" అన్నాడు. వరసంతా గొల్లున నవ్వింది.

ఆ నవ్వు ఆమెకి ఎక్కడో తగిలింది. "నవ్వులాట కాదు బావా. అందరి పాలూ పరీక్ష చేశాం, మీవి తప్ప. మీ మీద నమ్మకంతో వదిలేశాం. ఆ నమ్మకాన్ని ఇట్లా వాడుకుంటారనుకోలేదు," అంది, అవసరమైనదానికంటే పెద్ద గొంతుతో. బంధువని చూడదు, ఎంత నిక్కచ్చి మనిషో అని నలుగురూ అనుకోవాలని ఉందామెకి. అనుకుంటున్నారో లేదో ఓరకంట చూసింది కూడా.

బావ నవ్వు ఆగిపోయింది. "నువ్వు కళ్లారా చూశావా అమ్మా?" అన్నాడు.

"యంత్రంలో తేలింది బావా. దానికి బంధువులూ చుట్టరికాలూ ఉండవు."

ఆయన మాట పడే మనిషి కాదు. అట్లాంటిది ఒక్క మాటైనా తిరిగి అనకుండా, సగం బయటికి లాగిన క్యాను మళ్లీ లోపలికి నెట్టి, తలుపు మూసుకుని వెళ్లిపోయాడు. వరసలో ఉన్నవాళ్లు తమ క్యాన్ల వంక చూసుకుంటూ నిలబడ్డారు.

ఆమె ఇంటికి చేరేసరికి అక్క ఫోను. "మీ బావ వచ్చిన దగ్గర్నుంచీ పలకట్లేదే. నిజంగా నీళ్లున్నాయా?"

"ఉన్నాయక్కా. లేనిపోనిది చెబుతానా?"

"ఎన్ని ఉంటాయేమిటి? చెంబెడా, బకెట్టెడా?"

"ఎన్నైతే ఏమిటక్కా? ఉన్నాయంటే ఉన్నట్టే." ఇదేం ప్రశ్న అని విసుగ్గా ఫోను పెట్టేసింది.

మర్నాడు పొద్దున బావ పాలు రాలేదు. వచ్చిన ప్రతి క్యానూ పరీక్ష చేశాకే లోపలికి వదిలారు. ఇక బెంగ లేదనుకుని ఆవిరమ్మ యంత్రం నడిపింది. కాసేపయ్యాక ట్యాంకు కింద నుంచి కాసిని పాలు పట్టి, చల్లార్చి, లాక్టోమీటరు వేసింది. వరసగా అందరి పాలూ బాగున్న రోజు కదా, ఊరికే అలవాటుగా వేసింది.

లాక్టోమీటరు కిందికి దిగిపోయింది.

ఇంకోసారి పట్టి వేసింది. అదే. వేడి చూపించే ముల్లు వంక చూసింది. అది నిన్నటిలాగే, మొన్నటిలాగే, ఉండాల్సినదానికి కొంచెం పైన నిలబడి ఉంది. ఇది ఎండ వేడి కాదని ఈసారి ఆమెకి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. ట్యాంకులోకి ఎక్కణ్ణుంచో గాలి దూరుతోంది. గాలి దూరితే ఒత్తిడి పడాల్సినంత పడదు. అంత పడకపోతే నీరు ఆవిరవ్వాల్సినంత అవ్వదు. వేడీ మిగిలిపోతుంది, నీళ్లూ పాలల్లోనే ఉండిపోతాయి.

తడిగుడ్డ తీసుకుని ట్యాంకు అతుకుల వెంట మెల్లగా నడిపించింది. పైన ఏమీ లేదు. మూత దగ్గర ఏమీ లేదు. అద్దం దగ్గరికి వచ్చేసరికి గుడ్డ అంచు చేతిలోంచి లాగినట్టయి, అద్దానికీ చట్రానికీ మధ్య సందులోకి అతుక్కుపోయింది. చెవి ఆనించి వింటే సన్నగా బుస వినిపించింది. యంత్రం ఆపి బోల్టులు విప్పింది. రబ్బరు వాషరు ఒకచోట మడతపడి నలిగి ఉంది. తను తళతళలాడేలా తోమిన అద్దం, తను బిగించిన వాషరు. బావ క్యాన్లలో లేని నీళ్లు ఈ సందు వల్లే పాలల్లో మిగిలాయి.

అప్పుడు ఆమె చేసిన పని ఇది. కొత్త వాషరు వేసి గట్టిగా బిగించింది. అప్పటిదాకా వచ్చిన పల్చటి పాలని వేడి మీదే మళ్లీ వెనక్కి తిప్పి యంత్రంలోంచి పంపింది. ఈసారి పాలు చిక్కగా, సరిగ్గా వచ్చాయి. నలిగిన వాషరుని చెత్తబుట్టలో వెయ్యబోయి, ఎవరైనా చూస్తారేమోనని కోటు జేబులో వేసుకుంది. చేతులు వాటంతటవే ఈ పనులన్నీ చేసేశాయి. మనసు మాత్రం ఎవరో తిట్టినట్టు ఒక మూల ముడుచుకుని కూర్చుంది.

మేనేజరుకి చెప్పాలని గదిదాకా వెళ్లింది. ఆయన ఫోనులో ఉన్నాడు, ఆగమన్నట్టు చెయ్యి చూపించాడు. ఆగొచ్చు. ఆగితే మహా అయితే ఒక టీ తాగినంత సేపు. 'పనిలో ఉన్నారు, తర్వాత చెబుదాం' అనుకుని వచ్చేసింది. ఆ తర్వాత అనేది ఎప్పుడో తను నిర్ణయించుకోలేదు.

మధ్యాహ్నం షెడ్డు కింద పాలవాళ్ల సమావేశం. కొందరు కుర్చీల్లో, కొందరు బోర్లించిన క్యాన్ల మీద కూర్చున్నారు. బావని పిలిపించారు, నీళ్లు కలిపినట్టు తేలితే ఆయన పాలు ఇక తీసుకోరు. బావతో పాటు అక్క కూడా వచ్చింది. నలుగురిలోకి ఎప్పుడూ రాని మనిషి, చివరి వరసలో కొంగు చేతికి చుట్టుకుని కూర్చుంది. ఆవిరమ్మ మేనేజరు పక్కన నిలబడింది. జేబులో ఉన్న వాషరు బరువు ఎంతో ఉండదు. అయినా అది ఉన్న వైపే తల వంగిపోతున్నట్టుంది.

"మీరేం చెబుతారు?" అన్నాడు మేనేజరు మర్యాదగానే.

"నేను కలపలేదు. మా ఇంట్లో కూడా ఎవరూ..." అని బావ ఆగాడు. ఆగి, చివరి వరస వైపు చూశాడు.

అక్క లేచి నిలబడింది. "క్యాన్లు కడిగేది నేనేనండీ. కడిగిన నీళ్లు ఒంపకుండా వదిలేసినట్టున్నాను. తప్పు నాదే. ఆయన్ని ఏమీ అనకండి."

షెడ్డంతా ఒక్క నిట్టూర్పు. మేనేజరు మొహం విప్పారింది. "అదీ సంగతి! పొరపాటన్నమాట. ఎవరికైనా జరుగుతుంది. ఇకనుంచి జాగ్రత్తగా ఉండండమ్మా," అన్నాడు, గండం గడిచినట్టు.

ఆవిరమ్మకి కూడా గండం గడిచినట్టే అనిపించింది. గుండెల మీంచి ఏదో దిగిపోయినట్టు హాయిగా ఊపిరి పీల్చుకుంది. పీల్చుకున్నాక అర్థమైంది ఆ ఊపిరి ఎవరి పరువు తీసి పీల్చుకున్నదో. తన మీద తనకి ఇంత అసహ్యం వేయగలదని ఆమె ఏనాడూ అనుకోలేదు.

జనం లేస్తున్నారు. ఎవరో బావ భుజం తట్టి, "ఇకమీదట ఆవిణ్ణి క్యాన్ల దగ్గరికి రానివ్వకు," అన్నాడు. అందరూ నవ్వారు. మాట పోయిందని రాత్రంతా కుమిలిన బావ కూడా, పోలేదన్న సంబరంలో నవ్వేశాడు. అక్క ఒక్కతే నవ్వలేదు. నేల చూపులు చూస్తూ కొంగు చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంది.

"ఆగండి," అంది ఆవిరమ్మ. ఎవరూ వినిపించుకోలేదు. మళ్లీ అంది. "నీళ్లు కలిసింది నా యంత్రంలో. అక్క క్యాన్లలో కాదు."

ముందు వరసలోని పెద్దాయన జాలిగా తలూపాడు. "ఎంతైనా తోడబుట్టింది కదా. అక్క మాట పడితే ప్రాణం ఒప్పుతుందా?"

"అది కాదు పెదనాన్నా, నిజంగానే..."

"సరేలేమ్మా, ఆవిడ ఒప్పుకుంది, మేమూ వదిలేశాం. నువ్వు ఇంకా లాగకు."

నిన్న అరుగు మీద అబద్ధం చెబితే ఒక్కరూ ఇదేమిటనలేదు. ఇవాళ నిజం చెబుతుంటే బుజ్జగిస్తున్నారు. ఆమె జేబులోంచి వాషరు తీసి చూపించింది. ఆ నల్ల రబ్బరు ముక్క చూసి ఎవరికి ఏం అర్థమవుతుంది? "లోపలికి రండి, చూపిస్తాను," అంది. మేనేజరు వద్దన్నట్టు చూశాడు. ఆమె ఆగలేదు.

పాలవాళ్లు చెప్పులు విడిచి, తలలకి ప్లాస్టిక్ టోపీలు పెట్టుకుని యంత్రం చుట్టూ గుమిగూడారు. అంతకాలం పాలు పోస్తున్నా చాలామంది లోపలికి రావడం అదే మొదటిసారి. ఆమె యంత్రం నడిపి, పాలు పట్టి, లాక్టోమీటరు వేసింది. సరిగ్గా తేలింది. తర్వాత అద్దం బోల్టులు కొంచెం వదులు చేసింది. సన్నటి బుస అందరికీ వినపడింది. అద్దంలో భళ్లున పొంగుతున్న పాలు నెమ్మదించాయి. ముల్లు మెల్లగా పైకి పాకింది. మళ్లీ పాలు పట్టి, చల్లార్చి వేస్తే, లాక్టోమీటరు కిందికి దిగిపోయింది.

"ఆవిరి రూపంలో మేమే నీళ్లు కలుపుతాం. మళ్లీ తీసేస్తాం. మొన్నట్నుంచీ పూర్తిగా తియ్యలేదు. అద్దం సరిగ్గా బిగించనిది నేను. ఇవాళ పొద్దునే తెలిసింది నాకు. తెలిసి కూడా ఇందాకటిదాకా నోరు మూసుకున్నాను," అంది. అదే చోట నిలబడి ఎన్నిసార్లు ఎంత గొప్పగా చెప్పిందో ఆ యంత్రం గురించి. ఇప్పుడు అద్దం మీద వేలితో తట్టకుండా చెప్పింది.

పెద్దాయన లాక్టోమీటరు వంకా, ఆమె వంకా మార్చి మార్చి చూశాడు. "అయితే నలుగురిలో అంత మాటెందుకన్నావమ్మా ఆయన్ని?" అన్నాడు. ఆమె దగ్గరున్న జవాబు చెప్పుకునేది కాదు. మేనేజరు గొంతు సవరించుకుని, పాలవాళ్ల ముందు ఆమెని ఏమీ అనకుండా, రేపట్నుంచి కొన్నాళ్లు ప్యాకింగులో ఉండమని చెప్పాడు. ఆమె తలూపింది. ఇంకా పెద్ద శిక్ష వేస్తే బాగుండుననిపించింది.

"బావా," అంది. ఆయన ఆమె వైపు చూడలేదు. కోపంతో చూడలేదనుకుంది మొదట. కాదు, ఆయన భార్య వైపు చూడలేకపోతున్నాడు, అందుకే ఎవరి వైపూ చూడటం లేదు. టోపీ తీసి మడిచి, ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలోనే పట్టుకుని వ్యాను దగ్గరికి నడిచాడు.

గేటు పక్కన కుళాయి దగ్గర అక్క ఒక్కతే నిలబడి కాళ్లు కడుక్కుంటోంది. ఆవిరమ్మ పరుగులాంటి నడకతో వెళ్లి ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఎందుకక్కా అట్లా చెప్పావు? నన్ను కాపాడదామనా?"

అక్క అయోమయంగా చూసింది. "నిన్ను కాపాడ్డమేమిటే? నీకేమైందని?"

"మరి నీళ్లు ఒంపలేదని ఎందుకు..."

"నువ్వేమో నీళ్లున్నాయన్నావు. ఆయనేమో కలపలేదన్నారు. మీ ఇద్దరూ అబద్ధం చెప్పరు. ఇక మిగిలింది నేనే కదే," అంది అక్క, ఇంత చిన్న లెక్క తెలియదా అన్నట్టు. "క్యాన్లు సరిగ్గా ఒంపావా అని ఆయన అడిగారు. ఒంపానన్నాను. కాసేపాగి మళ్లీ అడిగారు. అప్పుడు నాకే గుర్తు రాలేదు. రోజూ చేసే పని. ఏ రోజు ఎట్లా చేశానో ఎవరికి గుర్తుంటుంది?"

అక్క తన కోసం త్యాగం చేసిందనుకుంటే, ఆ సిగ్గుని ఎట్లాగో మొయ్యగలిగేది. అక్క నిజంగానే నమ్మేసింది.

"నాదే తప్పక్కా. నీళ్లు నా ట్యాంకువే. చూశావుగా?"

"చూశాను, చూశాను." అక్క కుళాయి కట్టేసింది. వ్యాను వైపు ఒకసారి చూసి, ఆయనకి వినపడకుండా గొంతు తగ్గించింది. "అన్నీ ట్యాంకువేనంటావా? నావి కొన్ని కూడా ఉండి ఉంటాయేమో. ఆ రోజు నేను సరిగ్గానే ఒంపానంటావా?"

ఆ పొద్దున అక్క ఇంటి దగ్గర ఆమె లేదు. క్యాన్లు చూడలేదు, నీళ్లు చూడలేదు. తెలియని దాని గురించి గట్టిగా మాట్లాడితే ఏమవుతుందో ఇప్పుడే నలుగురి ముందూ చూపించి వచ్చింది. అయినా అక్క కళ్లల్లోకి చూశాక ఇంకో మాట చెప్పడం ఆమె వల్ల కాలేదు.

"ఒంపావక్కా."

అక్క మొహం తేటపడింది. తడి చేతులు కొంగుకి తుడుచుకుని, "హమ్మయ్య. నువ్వన్నావు, ఇక నాకు దిగుల్లేదు," అని వ్యాను ఎక్కి కూర్చుంది.